పుష్పవతి హాజరు

ఆ రోజు నేను నోరు మూసుకుని బండెక్కాల్సిందని మా ఆయన ఇప్పటికీ అంటారు. మా నాన్న ఆ మాట కూడా అనరు. ఉత్తరంలో క్షేమమని రెండు ముక్కలు రాసి ఊరుకుంటారు. ఇద్దరికీ ఒకేసారి జవాబు చెప్పుకుందామని ఇది రాస్తున్నాను. రెండో ఫారం మధ్యలో ఆగిపోయిన చదువు నాది, తప్పులుంటే ఉంటాయి. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తాను.

అరవై ఒకటి ఆఖర్లో మొదటి కాన్పుకు నందిగామ నుంచి పుట్టింటికి వెళ్ళాను. మా ఊరు వత్సవాయికి మూడు మైళ్ళు లోపలికి ఉంటుంది. మా నాన్న తిరుపతిరావుగారు ఆ ఊరికి ప్రెసిడెంటు. జనవరిలో పాప పుట్టింది. పాపతోపాటు నా భయాలూ పెరిగాయి. అది నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేదాన్ని. రెండుసార్లు తుమ్మితే దిష్టి తీయమని అమ్మ వెంటపడేదాన్ని.

"లోకంలో నువ్వొక్కదానివే కన్నావుటే?" అని అమ్మ విసుక్కునేది. "కాసేపు వేరే పని ఏదన్నా పెట్టుకో. నీ చూపులకే దానికి దిష్టి తగిలేట్టుంది."

పని దానంతటదే వచ్చింది. ఎండలు ముదిరాక సమితి ఆఫీసు నుంచి గ్రామసేవిక వచ్చింది. నాలుగక్షరాలు వచ్చిన ఆడవాళ్ళు సెలవుల్లో బడి మొహం చూడని పిల్లలకు చదువు చెబితే దేశానికి సేవ అని చెప్పింది. జీతం లేదు, బత్తెం లేదు. ఇరవై పలకలు, ఒక డబ్బా సుద్దముక్కలు ఇచ్చి వెళ్ళింది. మా గొడ్లచావిడి ముందు పందిట్లో బడి పెట్టాను. పందిరి వాసానికి చీరతో ఉయ్యాల కట్టి పాపను పడుకోబెట్టేదాన్ని.

పిల్లలు ఒక వేళకు వచ్చేవాళ్ళు కాదు. గేదెలను తోలి వచ్చేవాళ్ళు కొందరు, పొలానికి అన్నం ఇచ్చి వచ్చేవాళ్ళు కొందరు. అందుకని నేను హాజరు వచ్చేటప్పుడు కాక వెళ్ళేటప్పుడు పిలిచేదాన్ని. పేరు పిలవగానే లేచి, హాజరండీ అని, పలక నా చేతికిచ్చి ఇంటికి పోవాలి. పోయేవాడు హాజరనడమేమిటని అమ్మ నవ్వేది.

ఆ ఇరవై మందిలో రత్నమణి ఒకతి. పదేళ్ళ పిల్ల. తండ్రి లేడు. తల్లి బసవమ్మ మా మిరపతోటలోనే కూలి చేస్తుంది. రెండేళ్ళ కిందట ఆ ఇంట్లో అక్కచెల్లెళ్ళిద్దరికీ అమ్మవారు పోసింది. పెద్దది పుష్పవతి పోయింది. రత్నమణి మొహం నిండా మచ్చలతో మిగిలింది. మొదటి రోజు దాన్ని చూడగానే ఉయ్యాలకు దూరంగా కూర్చోమన్నాను. ఆ మచ్చలు ఇప్పుడు అంటుకునేవి కావని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

అది పందిరి చివర కూర్చుంది. నాలుగో రోజు నేను బోర్డు మీద గుణింతం రాస్తుంటే పాప ఏడుపు మొదలుపెట్టి, అంతలోనే ఆపేసింది. ఏమైందోనని వెనక్కి తిరిగాను. ఉయ్యాల ఊగుతోంది. దాని పక్కన ఎవరూ లేరు. బావి దగ్గరి పాత చేంతాడు ముందే ఉయ్యాలకు కట్టి, రెండో కొస పట్టుకుని పందిరి చివర్నుంచే రత్నమణి లాగుతోంది.

"దూరంగా కూర్చోమన్నారుగా అక్కయ్యగారూ," అంది. "తాడు పొడుగ్గానే ఉంది."

ఆ రోజు దాన్ని దగ్గరికి వచ్చి కూర్చోమన్నాను. అది రాలేదు. "ఇక్కడ్నుంచైతే బోర్డూ కనిపిస్తది, పాపా కనిపిస్తది," అని అక్కడే ఉండిపోయింది. ఒక చేత్తో తాడు లాగుతూ రెండో చేత్తో రాసేది. జూన్ వచ్చేసరికి మూడో తరగతి వాచకం తడుముకోకుండా చదువుతోంది. బడి తెరవగానే దాన్ని మూడో తరగతిలో చేర్పించి గాని నందిగామ వెళ్ళకూడదని అనుకున్నాను. ఆ వేసవిలో నేను కోరుకున్నది అదొక్కటే.

బడి సోమవారం తెరిచారు. కామేశం మాస్టారి దగ్గరికి వెళ్ళాను. నాకు ఓనమాలు దిద్దించింది ఆయనే.

"కొత్తగా చేర్చుకుంటే ఒకటో తరగతేనమ్మాయ్, రూలు అది," అన్నారు. "అయిదేళ్ళ పిల్లల మధ్య పదేళ్ళ పిల్ల ఏం కూర్చుంటుంది చెప్పు. రెండు రోజులు కూర్చుని మానేస్తుంది. మూడులో కూర్చోవాలంటే ఒక దారి ఉంది."

రిజిస్టరు నా ముందుకు తిప్పి ఒక పేరు మీద వేలు పెట్టారు. మూడో తరగతి, పుష్పవతి.

"మాస్టారూ, ఆ పిల్ల పోయింది కదండీ."

"పోయింది, పాపం. ఇక్కడ ఉంది."

పేజీలు వెనక్కి తిప్పాను. పోయిన ఏడాది, అంతకు ముందు ఏడాది. బతికున్న పిల్లలు జ్వరాలకు మానేశారు, పెళ్ళిళ్ళకు మానేశారు, కోతలకు మానేశారు. పుష్పవతి ఒక్కరోజు కూడా మానలేదు. రెండుసార్లు పరీక్ష పాసై పై తరగతికి వెళ్ళింది. పందిట్లో నా దగ్గర 'అ' దగ్గర్నుంచి మొదలుపెట్టిన పిల్లల పేర్లు కూడా అందులో కనిపించాయి. వాళ్ళూ మూడేళ్ళుగా శ్రద్ధగా చదువుకుంటున్నారు.

మాస్టారు దాచలేదు. నలభై మంది ఉంటేనే బడికి రెండో పోస్టు ఉంటుందట. ఆ పోస్టులో ఉన్నది ఆయన భార్య వసుమతిగారే. కొత్తగా చేరిన పిల్లలను ఏడాది హాజరు చూశాక గాని లెక్కలోకి తీసుకోరట.

"గురువారం ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారు. నీ వేసవి బడికి వీడ్కోలు సభ, మా బడికి తనిఖీ, రెండూ ఒకేసారి. మిగతావాళ్ళంతా ఉన్నవాళ్ళేగా, ఎలాగో కూర్చోబెడతాను. ఆ ఒక్కపిల్లనే తేలేను. పుష్పవతి అన్నప్పుడు రత్నమణి లేచి హాజరంటే చాలు. ఆ పూట నుంచి అది మూడో తరగతి. ఎవరికి నష్టం చెప్పు?"

నాన్నకు చెబితే మాస్టారి మీద మండిపడతారనుకున్నాను. ఆయన పడక్కుర్చీలోంచి లేవను కూడా లేవలేదు.

"నాకు తెలుసులేవే. పోస్టు పోతే వసుమతమ్మగారు పోతారు. ఆవిడ పోతే ఈ ఊళ్ళో ఆడపిల్లల్ని బడికి ఎవడు పంపుతాడు? పోయిన పిల్ల పేరు చెప్పుకుని ఉన్న పిల్లలు చదువుకుంటున్నారు. అందులో తప్పేముంది?"

నేను జగ్గయ్యపేట హైస్కూలులో రెండో ఫారం చదువుతుండగా పెద్దమనిషినయ్యానని తెలిసి, ఆ వారంలోనే బస్సెక్కి వచ్చి నా పేరు కొట్టేయించింది ఈ నాన్నే. బతికున్న కూతురి పేరు కొట్టించడానికి వారం పట్టలేదు. చచ్చిపోయిన పిల్ల పేరు రెండేళ్ళయినా కదలనివ్వలేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. పాప ఏడ్చింది, లోపలికి వెళ్ళిపోయాను.

బసవమ్మ అయినా చీపురు తిరగేస్తుందనుకున్నాను. ఆమె చేటలో జొన్నలు చెరుగుతూ అంతా విని, "రోజూ పిలుస్తారా అమ్మా ఆ పేరు?" అంది.

"పిలుస్తారు."

"దాని పేరు పిలిచేవాళ్ళే లేరమ్మా. నా నోట వస్తే ఇది బిక్కమొహం వేస్తదని నేనూ పిలవను. బళ్ళోనన్నా పిలవనీయండి."

చివరికి నేనే రత్నమణిని కూర్చోబెట్టి, గురువారం ఏమనాలో చెప్పాను. అది బుద్ధిగా విన్నది.

"మరి నన్ను రత్నమణి అని ఎక్కడ పిలుస్తారక్కయ్యగారూ?"

"ఇంట్లో పిలుస్తారుగా."

"ఇంట్లో నన్ను ఒసేయ్ అంటారు."

నవ్వొచ్చింది నాకు. కొన్నాళ్ళు ఓర్చుకోమన్నాను, మూడో తరగతి వస్తుందన్నాను. వాళ్ళందరి మీదా మండిపడుతున్నాను గాని, ఆ పని పిల్లచేత చేయించబోయింది నేనే. ఇది కూడా రాయాలి.

గురువారమే నా ప్రయాణం. పాపకు ఐదో నెల శనివారంతో చెల్లిపోతుంది. తొలిచూలు బిడ్డను సరి నెలలో అత్తారింటికి తీసుకెళ్ళరు కాబట్టి ఆరో నెల పనికిరాదు. ఏడో నెల మొదట్లో ఆషాఢం అడ్డం. శుక్రవారం ఆడపిల్లను గడప దాటించరు, శనివారం ప్రయాణం మా అత్తగారికి గిట్టదు. మిగిలింది గురువారమే. అది కూడా ఒంటిగంటన్నరకు రాహుకాలం రాకముందే బయలుదేరాలి. మా ఆయన భవానీప్రసాద్‌గారు పొద్దున్నే వచ్చారు. నందిగామ తాలూకా ఆఫీసులో గుమాస్తా. ఆఫీసర్లున్న చోట గొంతు తగ్గించి మాట్లాడటం ఆయనకు అలవాటు.

సభ పదింటికన్నారు. ఇన్‌స్పెక్టరుగారు పదకొండున్నరకు వచ్చారు. పిల్లలు అప్పటికే ఎండలో వాడిపోయి ఉన్నారు. ముందుగా సమితి పలకలు లెక్కపెట్టించారు. ఒకటి పగిలిందని రాసుకున్నారు. పలకల లెక్కలో ఆయనకు ఏ పొరపాటూ రాలేదు. నాన్న మాట్లాడారు, మాస్టారు మాట్లాడారు. నా సేవను మెచ్చుకున్నారు. నా పేరు చెప్పలేదు, ప్రెసిడెంటుగారి అమ్మాయి అన్నారు. ఆ తరువాత మాస్టారు రిజిస్టరు తీసి మూడో తరగతి హాజరు మొదలుపెట్టారు. వేసవంతా నేను పిలిచిన పిల్లలే ఒక్కొక్కరూ లేచి హాజరండీ అంటున్నారు. ఒకడు అలవాటు కొద్దీ లేచి ఇంటికి పోబోతే పక్కవాడు చొక్కా పట్టి కూర్చోబెట్టాడు.

"పుష్పవతి."

గోడవారగా నుంచున్న బసవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పుష్పవతి," అని మాస్టారు మళ్ళీ పిలిచి రత్నమణి వైపు చూశారు.

రత్నమణి లేచింది. నా వైపు చూసింది. నేను పాప మొహంలోకి చూస్తూ ఉండిపోయాను.

"పుష్పవతి రాలేదండి," అంది.

మాస్టారి కలం ఆగింది. ఇన్‌స్పెక్టరుగారు తలెత్తి, "ఎందుకు రాలేదు?" అన్నారు.

"చచ్చిపోయిందండి. రెండేళ్ళయింది. నేనొచ్చానండి. నేను దాని చెల్లెల్ని, రత్నమణిని."

ఇన్‌స్పెక్టరుగారు రిజిస్టరు లాక్కుని చూశారు. "మార్చిలో పరీక్ష రాసిందే? లెక్కల్లో అరవై రెండు వచ్చాయే?"

"దానికి లెక్కలు రావండి," అంది రత్నమణి. "నాకొచ్చు."

వెనక ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. నాన్న చటుక్కున లేచి, "చిన్నపిల్లండీ, అమ్మవారు పోసినప్పటి నుంచి కొంచెం మతి..." అన్నారు.

అప్పటిదాకా నేను కూర్చునే ఉన్నాను. ఆ మాటతో లేచాను.

"దాని మతి సరిగానే ఉంది నాన్నా. మన అందరి మతి కంటే సరిగా ఉంది. అబద్ధం చెప్పమని నేనే చెప్పా. అది చెప్పలేదు. సిగ్గుపడాల్సింది అది కాదు, మిగతా వాళ్ళమంతా."

ఇన్‌స్పెక్టరుగారు పెద్ద తనిఖీ మొదలుపెడతారనుకున్నాను. ఆయన కొబ్బరినీళ్ళు తాగి, ఎర్ర సిరాతో పుష్పవతి పేరు మీద ఒక గీత గీసి రిజిస్టరు మూసేశారు.

"కొట్టేశారా అయ్యా?" అంది బసవమ్మ.

"కొట్టేశాను."

"మరి దీని పేరో?"

"అది వేరే సంగతి. రేపో ఎల్లుండో ఒకటో తరగతిలో చేర్పించుకో."

అదీ న్యాయం. రెండేళ్ళు దొంగ హాజరు వేసిన వాళ్ళకు ఒక మాట లేదు. నిజం చెప్పిన పిల్లకు ఒకటో తరగతి. బయట బండి సిద్ధంగా ఉంది. మా ఆయన నా దగ్గరికి వచ్చి, "కమలా, పన్నెండున్నరయింది. ఇక లే. ఇవన్నీ మనకెందుకు?" అన్నారు.

నేను వెళ్ళి బడి అరుగు మీద కూర్చున్నాను.

"మీరు వెళ్ళండి. నేను శ్రావణంలో వస్తా."

"శ్రావణమా? మా అమ్మకేం చెప్పను?"

"ఐదో నెల దాటిపోయిందని చెప్పండి. ఈలోగా రత్నమణి మూడులో చేరేదాకా రోజూ ఇక్కడే కూర్చుంటా. మాస్టారు ఏ పేరు పిలుస్తారో, దానికి ఎవరు పలుకుతారో రోజూ వింటా."

మాస్టారి మొహం పాలిపోయింది. "కమలా, లే," అన్నారు నాన్న. ఆ గొంతుకు నేను చిన్నప్పుడు నిజంగానే లేచేదాన్ని. ఆ రోజు లేవలేదు. పాపకు ఎండ తగులుతోందని భయం, అత్తగారేమంటారోనని భయం, మా ఆయన నన్ను అక్కడే వదిలేసి నిజంగా వెళ్ళిపోతారేమోనని భయం. అన్ని భయాలతోనూ అలాగే కూర్చున్నాను.

అందరినీ కదిలించింది నా పట్టుదల అనుకుంటే పొరపాటు. ఇన్‌స్పెక్టరుగారి భోజనం మా ఇంట్లోనే. అమ్మ పొద్దుటి నుంచి కోడికూర వండుతోంది. కూతురు బడి అరుగు మీద బైఠాయించి ఉంటే నాన్న ఆయనను ఇంటికి తీసుకెళ్ళలేరు. ఇన్‌స్పెక్టరుగారు రెండుసార్లు గడియారం చూసుకున్నారు. మూడోసారి చూసుకుని, "ఏదీ, మూడో వాచకం తెప్పించండి," అన్నారు.

రత్నమణి నిలబడి చదివింది. ఒక పేజీ అడిగితే ఆపకుండా మూడు పేజీలు చదివింది. చాలమ్మా చాలు అంటే అప్పుడు ఆపింది. "పరీక్షించి చూశాను, మూడో తరగతికి తగును" అని రాసి ఆయన సంతకం పెట్టారు. మాస్టారు రత్నమణి పేరు రాశారు. మూడు రోజులు నాకు కొండలా కనిపించిన రూలు ఆకలేసేసరికి అయిదు నిమిషాల్లో పక్కకు జరిగింది. ఆ సంతకం పొద్దున్నే పెట్టి ఉండొచ్చు, ఏ రోజైనా పెట్టి ఉండొచ్చు. ఎవరూ అడగలేదు, ఆయన పెట్టలేదు. ఇప్పటికీ నా కడుపు మండేది అందుకే.

"ముప్పై తొమ్మిది. కొత్త పేరు ఏడాదిదాకా లెక్కలోకి రాదు," అన్నారు మాస్టారు నాతో, మెల్లిగా. "వసుమతి పోస్టు పోతే ఆ పాపం నీదేనమ్మాయ్."

పాపం లెక్క వేసేటప్పుడు మాత్రం ఉన్నవాళ్ళనే లెక్కపెట్టారు ఆయన. ఇంతవరకు పోస్టు పోలేదు. పోతే నా వల్లే పోయిందంటారు. అననీ.

నాన్న ఇన్‌స్పెక్టరుగారిని వెంటబెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయారు, నన్ను వెళ్ళిరమ్మనైనా అనకుండా. మా ఆయన సామాను సర్దించి నన్ను బండెక్కించారు. పిల్లలంతా బండి చుట్టూ చేరారు. వాళ్ళకు చెప్పాలనుకున్న మాటలు వారం రోజులుగా కాగితం మీద రాసుకున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు. పంచుదామని చేసిన మరమరాల ఉండలు బండిలోంచే చేతికొకటి ఇచ్చాను. వీడ్కోలంటే అంతే మిగిలింది.

"హాజరు పిలవండి అక్కయ్యగారూ," అన్నాడొకడు. "ఇవ్వాళ పిలవలేదుగా."

"టైము లేదయ్యా బాబూ," అన్నారు మా ఆయన.

"పిలుస్తా," అన్నాను.

బండిలో కూర్చునే ఒక్కొక్క పేరూ పిలిచాను. పిలిచిన వాళ్ళు హాజరండీ అని కాసేపు నుంచుని, చేతిలో ఇవ్వడానికి పలక లేక, ఉత్త చేతులు చూసుకుని పక్కకు తప్పుకున్నారు. ఎవరూ ఇంటికి పోలేదు. పందొమ్మిది పేర్లయ్యాక బసవమ్మ బండి చక్రం పట్టుకుని దగ్గరికొచ్చింది.

"అమ్మా, ఆ పేరు కూడా ఒక్కసారి పిలవ్వా?"

"పుష్పవతి," అని పిలిచాను.

ఎవరూ పలకలేదు. ఎద్దుల మెడలో గంటలు కదిలాయి, అంతే. ఇంకొకసారి పిలిచి, పలకడానికి పట్టేంతసేపు ఆగాను. రెండేళ్ళలో ఆ పేరుకు అబద్ధం జవాబు రాని మొదటి రోజు అది. బసవమ్మ కళ్ళు తుడుచుకోలేదు. విని తల ఊపింది.

"రత్నమణి."

"హాజరండీ."

అది మా పందిట్లోంచి విప్పుకొచ్చిన చేంతాడు చుట్ట నా ఒళ్ళో పెట్టింది. "నందిగామలో కూడా ఇదే కట్టండి. పొట్టి తాడైతే మీరు పాపను వదిలి ఎక్కడికీ పోలేరు."

ఒంటిగంటా ఇరవైకి బండి కదిలింది. ఊరు దాటాక మా ఆయన గడియారం చూసుకుని, "పోనీలే, రాహుకాలం తగల్లేదు," అని ఊపిరి పీల్చుకున్నారు. ఆ రోజంతటిలో ఆయనకు మిగిలింది ఆ మాటేనా అనుకున్నాను. చేంతాడు చుట్ట ఒళ్ళోంచి దించకుండానే వత్సవాయిలో బస్సెక్కాను.

ఇప్పుడు వంటింట్లో కూర్చుని, ఎడమ చేత్తో ఆ తాడు లాగుతూ ఇది రాస్తున్నాను. పాప నిద్రపోయింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూడాలని ఉంది. చూడను. నాన్నకు ఈసారి రాసే ఉత్తరంలో క్షేమమని మాత్రం రాసి ఊరుకోను. రత్నమణి రోజూ బడికి పోతోందా, పోతుంటే ఏ పేరుతో పిలుస్తున్నారు అని అడుగుతాను. జవాబు రాకపోతే మళ్ళీ రాస్తాను.